కాలి వేలికి కట్టిన తాడు

అన్నం పొయ్యి మీద పెట్టాలి. నెస్టర్ చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. పిల్లి ఎగబడకముందే పందిరి మీది ఎండుచేపలు తియ్యాలి. బరాంగాయ్ హాలు, అంటే ఊరి పంచాయతీ హాలు ఫొటో, చేరబోయే ఆడవాళ్ళ సంతకాలు, ఊరి తీర్మానం, నోటరీ ముద్ర అన్నీ ఒక కవరులో పెట్టాలి. ఆ కవరు పట్టుకుని ఇలోయిలో పట్నానికి వెళ్ళే జీప్నీ బండి అందుకోవాలి. కుట్టుపని శిక్షణకు సర్కారు ఇచ్చే గ్రాంటుకి దరఖాస్తు పెట్టడానికి ఇవాళే ఆఖరు.

శిక్షణ కమిటీకి పెద్ద నెస్టర్. రాసేది మాత్రం అతని భార్య మెర్లిండా. "డిగ్రీ చదివింది నువ్వే కదా, నువ్వే రాయి" అంటాడు, అదేదో ఆమెకి చేసిన మర్యాదలాగా. ఇన్నేళ్ళుగా ఆమె రాస్తూనే ఉంది, అతను సంతకం పెడుతూనే ఉన్నాడు.

కిందటేడు శిక్షణ సగంలో ఆగిపోయింది. ఒక్కొక్కరే రావడం మానేశారు. మిషన్లు గుడ్డలు కప్పుకుని కూర్చున్నాయి. ఈసారీ అలాగే అయితే ఈ ఊరికి మళ్ళీ డబ్బు ఇవ్వబోమని ఆఫీసువాళ్ళు మొహం మీదే చెప్పారు. "మన ఆడవాళ్ళకి ఓపిక లేదు" అన్నాడు నెస్టర్. ఊరంతా అదే మాట అంది.

ఎందుకు ఆగిందో మెర్లిండాకి తెలుసు. అంతకుముందు ఏడు అత్తగారు పోయింది.

ఫిలోమెనా అత్త ఉన్నన్నాళ్ళూ ఏ శిక్షణా ఆగలేదు. హాలు వెనక వరండాలో వెదురు దూలానికి పాత దుప్పట్లతో ఉయ్యాలలు వరసగా కట్టేది. అన్నింటినీ ఒకే తాడుతో కలిపి, ఆ కొస తన కాలి బొటనవేలికి చుట్టుకునేది. చేతులు చింతపండు గింజ తీస్తుండేవి, కాలు పిల్లలందరినీ ఊపుతుండేది. మెర్లిండా కొడుకు పెరిగిందీ ఆ తాడు కిందే. కోడలు కాలేజీకి వెళ్తానని నసుగుతుంటే, "వెళ్ళవే అమ్మాయ్, నా కాలికి వేరే ఏం పనుంది?" అని నవ్వింది. ఆ వరండాలో పాలవాసన, చింతపండు వాసన, లోపలినుంచి మిషన్ల చప్పుడు. మెర్లిండాకి ఇప్పటికీ నిద్ర పట్టని వేళల్లో ఆ చప్పుడే కావాలనిపిస్తుంది.

ప్రతి శిక్షణా ముగిసే రోజు అత్త హాల్లోకి వచ్చి మిషను చక్రం ఒక్కసారి తిప్పి చూసేది. "వచ్చేసారి నేనూ చేరతాను" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. మెర్లిండా కూడా. చేరితే ఉయ్యాలలు ఎవరు ఊపుతారు?

దరఖాస్తులో 'ఊరి తరఫున మీరిచ్చేది' అని ఒక భాగం ఉంటుంది. ఏటా అందులో హాలు, బల్లలు, కరెంటు, మధ్యాహ్నం కాఫీ అని రాసేవాళ్ళు. ఆ కాలి వేలు ఎవరికీ గుర్తు రాలేదు. గ్రాంటు దాని మీదే నడిచింది.

నెస్టర్ ఈ ఏటి దరఖాస్తు చదువుతూ ఆగాడు. "ఇదేంటి, పిల్లల్ని చూసుకునే మనిషికి రోజుకూలీ? అదీ మొట్టమొదటి ఖర్చుగానా?"

"అవును."

"మా అమ్మ ఏనాడైనా పైసా అడిగిందా? ప్రేమతో చేసింది. దీనికి జీతమంటే ఆఫీసులో నవ్వుతారు. కాగితం తిప్పి కొడతారు. కొట్టెయ్యి."

"అడగలేదు కాబట్టే ఇవ్వలేదు మనం. అది వట్టి ప్రేమే అయితే నెస్టర్, ఆవిడ పోగానే శిక్షణ ఎందుకు ఆగింది?"

అతను కాగితం బల్ల మీద పెట్టాడు. పెన్ను ఆమె వైపు తోశాడు. "కొట్టేస్తేనే సంతకం."

మెర్లిండా పెన్ను తీసుకుంది. కొట్టెయ్యలేదు. కమిటీ పెద్ద అని ఉన్నచోట భర్త పేరు మీద గీత పెట్టి తన పేరు రాసింది, కింద సంతకం చేసింది. "నేను పెద్దగా ఉండటానికి ఆడవాళ్ళందరూ నిన్ననే ఒప్పుకున్నారు" అంది. "చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు. పెట్టె వేడిగానే ఉంది."

జీప్నీ హారన్ వినిపించి బయటికి నడిచింది.

ఆఫీసువాళ్ళు ఒప్పుకుంటారో నవ్వుతారో ఇంకా తెలియదు. కానీ మీ ఊళ్ళో ఎక్కడైనా ఆడవాళ్ళు ఏదో నేర్చుకుంటూ కనిపిస్తే, వాళ్ళ పిల్లల ఏడుపు వినిపించకపోతే, ఒక్కసారి హాలు వెనక్కి వెళ్ళి చూడండి. మిషను మీద ఒక్క కుట్టూ వెయ్యకుండానే వెళ్ళిపోయిన ఫిలోమెనాని తలుచుకోండి.