డోలీ వస్తుందన్నారు

నేను ఒక కంచరగాడిద జీనుని. చెక్క చట్రం, దాని మీద దళసరి తోలు, లోపల కుక్కిన ఉన్ని, రెండు పక్కలా పెట్టెలు తగిలించే ఇనప కొక్కేలు, అంతే నా ఆస్తి. మనుషులు యుద్ధం గురించి చెప్పుకునేటప్పుడు తుపాకుల పేర్లు వరసగా చెబుతారు. ఆ తుపాకులకు గుళ్లూ, వాటిని పేల్చేవాడికి బియ్యమూ ఎవరి వీపు మీద వచ్చాయో ఎవరికీ గుర్తుండదు. బర్మా అడవిలో లారీ దారి ఆగిపోయిన చోట మా పని మొదలయ్యేది.

నన్ను మోసే కంచరగాడిదకు, దాన్ని తోలే తవిటయ్య 'అమ్మడు' అని పేరు పెట్టుకున్నాడు. అతనిది టెక్కలి వైపు. గాడిదల మీద నౌపడ ఉప్పు తోలుకుని బతికిన మనిషి. పటాలంలో కడుపు నిండా తిండి పెడతారంటే చేరాడు. భార్య తమ్ముడు గున్నయ్యనీ వెంట తెచ్చాడు. ఆవిడ వద్దని ఏడిస్తే, "నా కళ్ల ముందే ఉంటాడు కదే" అని సర్దిచెప్పి వచ్చాడట.

అడవిలోకి దిగే ముందు, శత్రువుకు వినపడకూడదని గాడిదలకు మత్తిచ్చి, గొంతులో కోత పెట్టించి అరుపు తీయించేశారు. తవిటయ్య నుదురు నిమురుతుంటే అమ్మడు అతన్ని నమ్మి కదలకుండా నిలబడింది. మత్తు దిగి తెలివి వచ్చాక నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

మా దళానికి పెద్ద జమేదారు రామినాయుడు, విజయనగరం వైపు మనిషి. పరాయి దేశంలో తన భాష మాట్లాడే పెద్దదిక్కు దొరికాడని తవిటయ్య మురిసిపోయాడు. ఆయన ఏం చెప్పినా ఎదురు అడిగేవాడు కాడు.

వానల్లో ఒకనాడు మోర్టారు గుళ్ల పెట్టెలతో గుట్ట ఎక్కుతున్నాం. ఎక్కడి నుంచో ఫిరంగి గుండు వచ్చి పేలింది. గున్నయ్య గాడిద లోయలో పడిపోయింది. గున్నయ్య తొడ చీలిపోయింది. తవిటయ్య తలగుడ్డ చించి కట్టు కట్టి, అతన్ని నా మీద పడుకోబెడదామని పెట్టెలు విప్పబోయాడు. రామినాయుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దింపీకు. గుట్ట మీద మనోళ్లకి గుళ్లు అయిపోనాయి. ఇవి అందకపోతే ఒక్కడూ మిగలడు."

"మరి ఈడో, బాబూ?"

"డోలీ మోసీవోల్లకి కబురంపినాను. ఎనకాలే వస్తంది. నువ్వెల్లు."

"నిజంగా అంపినారా?"

"నా మాట మీద నమ్మకం నేదేటి?"

వెదురు పొద కింద కూర్చోబెట్టిన గున్నయ్యే సముదాయించాడు. "ఎల్లు బావా. బాబు సెప్పినారు కదా. అక్కకి మాత్రం దెబ్బ సంగతి రాయించకు."

మేం ఎక్కాం. మోకాటి లోతు బురదలో అమ్మడు రెండుసార్లు కూలబడి లేచింది. పైన ఒక సిపాయి ఆత్రంగా పెట్టె పగలగొట్టి, ఒక గుండు చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. అవి పెద్ద మోర్టారువి. వాళ్ల దగ్గర ఉన్నది చిన్నది. కింద సామాను ఎక్కించినవాళ్లు పెట్టెలు చూసుకోలేదు. గుట్ట మీదివాళ్లు చేసేది లేక అవతలి వైపు నుంచి దిగిపోయారు.

తవిటయ్య అమ్మడిని పరుగులాంటి నడకతో దింపాడు. వెదురు పొద కింద గున్నయ్య లేడు. దారి మధ్యలో ఉన్నాడు. పొద నుంచి అక్కడిదాకా బురదలో మోచేతుల జాడ ఉంది. డోలీవాళ్లు తనను చూడకుండా దాటిపోతారేమోనని దారికి అడ్డంగా వచ్చి పడుకున్నాడు. వాన అతని తెరిచిన కళ్లలో పడుతోంది.

అప్పుడు ఎక్కించాడు అతన్ని నా మీద. వద్దనడానికి ఎవరూ లేరు.

మజిలీలో డోలీ మోసేవాళ్లు గుడారం కింద టీ తాగుతున్నారు. తవిటయ్య వాళ్లను అడిగాడు, కబురు అందలేదా అని.

"ఏ కబురు?" అన్నారు వాళ్లు.

తవిటయ్య అమ్మడిని రామినాయుడి ముందుకు నడిపించాడు. ఆయన శవం వైపు చూడలేదు. "అలగ సెప్పకపోతే నువ్వు కదిలీవోడివా? అంతమంది పేనాలు ముందా, ఒక్కడిది ముందా?"

"ఆ మాటే సెప్పాల్సింది, బాబూ," అన్నాడు తవిటయ్య. గొంతు పెంచలేదు. "ఈడిని ఒగ్గీసి ఎల్లమని సెప్పాల్సింది. ఆ మాట ఇంటే ఆడే నన్ను గుట్ట మీదికి తోలీవోడు. డోలీ కోసం ఎదురుసూసుకుంటా సచ్చీవోడు కాదు."

జమేదారు గొయ్యి తవ్వమని ఇద్దరిని పిలిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత తవిటయ్య అతన్ని ఎప్పుడూ 'బాబూ' అనలేదు. చెప్పిన బరువల్లా మోశాడు, కానీ ప్రతి పెట్టె మూతా తనే తెరిచి చూశాకే నాకు తగిలించేవాడు.

యుద్ధం అయిపోయింది. మమ్మల్ని రైలు కట్ట పక్కన డిపోకి చేర్చారు. నన్ను విప్పి, విరిగిన జీనుల కుప్ప మీద పడేశారు. ఎలుకలు ఆ వారమే నా ఉన్నిలో కాపురం పెట్టాయి. దేశాలు గెలిచినవాళ్లకు ఒక జీనుకు నూనె రాయడం బరువైపోయింది.

ఒక గుమాస్తా వచ్చి అమ్మడి పగ్గం అందుకోబోయాడు. "ముసలిదైపోయింది. మంచిచోటికి పంపేస్తాం. నువ్వింక ఇంటికెళ్లు," అన్నాడు నవ్వుతూ.

"ఏ సోటికి?" అన్నాడు తవిటయ్య.

గుమాస్తా నవ్వు ఆపి, షెడ్డు వెనక్కి వేలు చూపించాడు. తవిటయ్య పగ్గం వదల్లేదు. అమ్మడి మెడ మీద చెయ్యి వేసి, ఆ షెడ్డు వెనక్కి తనే నడిపించుకుపోయాడు.

తుపాకీ చప్పుడు ఒకటి వినిపించింది. చాలాసేపటికి తవిటయ్య నా పక్కనుంచే వెళ్లాడు. చేతిలో పగ్గం ఒక్కటే ఉంది.