పిలిస్తే పలికే దూరం

"మూడొందల స్పీడు నెట్టుంది ఇంట్లో. ఇంకేం కావాలి నీకు?" అన్నాడాయన షూ లేసులు కట్టుకుంటూ, తలెత్తకుండా.

ఆమె అప్పుడు వాషింగ్ మెషీన్లోంచి తడిబట్టలు తీస్తోంది. కాల్స్‌లో నా మాట అవతలికి ఆలస్యంగా వెళ్తోందండీ, మీ గదిలో ఉన్న వైరులాంటిదే ఒకటి ఇటు కూడా వేయించుకుందాం అని అడిగింది. ఎన్నోసారి అడగడమో ఆమెకే గుర్తులేదు. అడిగినప్పుడల్లా ఆయన ఆ అంకె ఒకటి చెప్పేవాడు. పెళ్ళాం నోరు మూయించడానికి పనికొస్తుందని కంపెనీ వాళ్ళు కనెక్షన్‌తో పాటు ఉచితంగా ఇచ్చినట్టుండేది ఆ అంకె. ఆ తరవాత, హాల్లో అడ్డంగా వైరు పాకుతూ ఉంటే చూడ్డానికి ఏం బాగుంటుంది అనేవాడు. ఇల్లు చూడ్డానికి బాగుండాలట. దాన్ని తుడిచేది ఎవరో, ఆ ఊసు ఉండదు.

ఆమె చేసేది దుబాసీ పని. ఊరుగాని ఊళ్ళో, భాష రాని చోట జబ్బుపడ్డ వాళ్ళూ, వాళ్ళకు ఫోన్లోనే వైద్యం చెప్పే డాక్టర్లూ మాట్లాడుకోవాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఈమె. ఇటు మాట అటు, అటు మాట ఇటు. అందులో ఒక నియమం ఉంది. పేషెంటు "నాకు కడుపులో నొప్పి" అంటే దుబాసీ కూడా "నాకు కడుపులో నొప్పి" అనాలి తప్ప "ఆవిడకి నొప్పట" అనకూడదు. సొంత మాట ఒక్కటి కలపకూడదు, ఒక్కటి మింగకూడదు. రోజంతా ఎవరెవరి నొప్పులో తన నోటితో చెప్పి, కాల్ అయ్యాక లేచి పప్పు పొయ్యి మీద పెట్టేది. "ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్తే జీతమిచ్చే ఉద్యోగం, అదృష్టవంతురాలు," అని అత్తగారు వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఆయనైతే "దుబాసీ గారూ, కాస్త కాఫీ" అని పిలిచి తన జోకుకి తనే నవ్వుకునేవాడు.

కూర్చునే చోటు వంటింటి వెనక, వాషింగ్ మెషీన్ పక్కన. పేషెంట్ల సంగతులు బయటికి వినపడకూడదు కాబట్టి తలుపున్న గది కావాలి. హాల్లో అత్తగారి టీవీ. పడగ్గదిలో అత్తగారి మధ్యాహ్నపు నిద్ర, ఆవిడ గదిలో ఎండ ఎక్కువట. మిగిలింది "ఆఫీసు రూమ్." ఆ గదిలో ఆఫీసు పని జరగడం ఇంట్లో ఎవరూ ఇంతవరకూ చూడలేదు. ఆయన పగలు ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం వచ్చి, స్నేహితులతో కలిసి తుపాకుల ఆట ఆడుకునే గది అది. వెనక్కి వాలే కుర్చీ, రెండు తెరలు, రంగురంగుల దీపాలు వెలిగే కీబోర్డు. పగలు ఖాళీయే కదా, నేను కూర్చుంటానంటే, నీదేముంది, మాట్లాడ్డమే కదా, ఎక్కడైనా కూర్చుని మాట్లాడొచ్చు అన్నాడు. నిజమే, మాట్లాడొచ్చు. ఆ మాట అవతలికి చేరాలి కదా.

ఫైబర్ కనెక్షన్ పెట్టిన రోజు ఆమెకు బాగా గుర్తు. గోడకి కన్నం వేస్తూ ఆ వచ్చినతను "వైఫై డబ్బా ఎక్కడ పెట్టమంటారు మేడమ్?" అని ఆమెనే అడిగాడు. హాలు మధ్యలో పెడితే అందరికీ అందుతుందని చెబుదామని నోరు తెరిచేలోపు, ఆయన బాత్‌రూమ్‌లోంచి తువ్వాలుతో వచ్చి "ఆ గదిలో" అన్నాడు. ప్రశ్న ఆమెకి, జవాబు ఆయనది. అప్పుడు కోపం కూడా రాలేదు. అదంత మామూలు, గాలి వీచినందుకు ఎవరికైనా కోపమొస్తుందా?

ఆ డబ్బాకీ ఆమె కూర్చున్న మూలకీ మధ్య మూడు గోడలు, ఒక ఇనుప బీరువా, ఒక ఫ్రిజ్. ఇవి చాలవన్నట్టు వంటింటి గట్టు మీద మైక్రోవేవ్. అత్తగారు మోకాళ్ళకు కాపడం పెట్టుకునే సంచి అందులో వేడి చేసినప్పుడల్లా ఈమె గొంతు ముక్కలు ముక్కలయ్యేది. ఓవెన్ ఆపండత్తయ్యా అంటే, "నీ ఫోనుకీ నా మోకాళ్ళకీ ఏం సంబంధమే" అని ఆవిడ బుగ్గలు నొక్కుకునేది. సంబంధం ఉందని ఈమె ఎక్కడో చదివి చెబితే, ఇంట్లో పని తప్పించుకోవడానికి చదువు బాగా పనికొస్తుందని కొడుక్కి చెప్పింది.

ఆలస్యమంటే ఎంతో కాదు, ఒక గుక్క తాగేంత. కానీ ముగ్గురు మాట్లాడుకునే చోట ఆ గుక్కెడే ప్రాణం తీస్తుంది. డాక్టరు అడిగింది ఈమెకు లేటుగా వినపడేది, ఈమె చెప్పింది వాళ్ళకు ఇంకా లేటుగా చేరేది. ఆ ఖాళీలో "హలో, ఉన్నారా" అని ఒకరు, "వినపడట్లేదు" అని ఒకరు, మాట మీద మాట పడి సంత గోల అయ్యేది. సూపర్‌వైజరమ్మ ఒకసారి మెత్తగా అడిగింది, మీరు మాట వెతుక్కుంటూ ఆగుతున్నారా అని. రెండోసారి మెత్తగా అడగలేదు. డాక్టర్ల కాల్స్‌లో మీరు మందకొడిగా ఉన్నారని ఫిర్యాదులొస్తున్నాయి అంది. మందకొడి! ఆ మాట విని ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఎందుకంటే ఆ ఇంట్లో పిలిస్తే పలికే ప్రాణి ఆమె ఒక్కతే. "ఏమే" అనే మాటలో రెండో అక్షరం పూర్తికాకముందే "వస్తున్నా" అనేది. అత్తగారు గొంతు సవరించుకుంటే మంచినీళ్ళు వెళ్ళేవి. అదే ఆమె పిలిస్తే? "ఏవండీ, ఒక్కసారి పొయ్యి కట్టేస్తారా" అంటే, పాలు పొంగి, పొయ్యి ఆరి, గట్టు తుడిచి, ఆమె చేతులు కడుక్కున్నాక లోపలి గదిలోంచి "ఊఁ? పిలిచావా?" అని వచ్చేది. ఇన్నేళ్ళూ ఆయనకు చెవులు నెమ్మది అనుకుంది పిచ్చిది. ఆటలో ఎవడో వెనకనుంచి అడుగు వేస్తే మాత్రం ఆ చెవులకు ఠక్కున వినపడేది.

ఆ రోజు, ఆయన షూ లేసులు కట్టుకుని వెళ్ళిపోయాక వచ్చిన కాల్‌లో ఒక భార్య, ఒక భర్త. పేషెంటు భార్య. నెలనెలా ఒళ్ళు తోడేసేంత రక్తస్రావం. వాళ్ళిద్దరూ ఒక ఫోను ముందు కూర్చున్నారు, డాక్టరమ్మ వేరే చోట తన తెర ముందు కూర్చుంది. భర్తకు డాక్టరమ్మ భాష వచ్చీరానట్టు వచ్చు. దారులు రెండున్నాయి, కొన్నాళ్ళు మందులు వాడి చూడ్డం ఒకటి, గర్భసంచి తీసేయడం ఇంకొకటి, ఏది కావాలో మీరే చెప్పాలి అని డాక్టరమ్మ అడిగింది. ఈమె ఆ మాటను పేషెంటు భాషలోకి తిప్పి చెప్పింది. సరిగ్గా అప్పుడే గట్టు మీద ఓవెన్ గుర్రుమంది. మాట వెళ్ళాల్సిన చోటికి వెళ్ళక గోడల మధ్యే ఎక్కడో ఆగింది. తెర మీద పేషెంటు ఏమీ వినపడక కళ్ళు చిట్లించి చూస్తోంది. ఆ ఖాళీలోకి భర్త దూరాడు. వచ్చీరాని భాషలో, "తీసేయమంటోందండీ, రోజూ ఈ గోల పడలేం" అన్నాడు.

వెనక ఇంకా ఎందరో పేషెంట్లున్న డాక్టరమ్మ, సరే వచ్చే వారానికి ఏర్పాటు చేస్తాం అని చెప్పి వెళ్ళిపోయింది. అప్పుడు చేరింది ఈమె మాట. పేషెంటు శ్రద్ధగా విని, కాస్త ఆలోచించుకుని, "నాకు తీయించుకోవాలని లేదమ్మా. మందులు వాడి చూస్తాను" అంది. వినాల్సిన డాక్టరమ్మ లేదు. విన్నది దుబాసీ ఒక్కతే. ఏదో చెప్పబోయేలోపు ఫోను కూడా ఆగిపోయింది, బహుశా భర్తే ఆపి ఉంటాడు.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి తడిబట్టల బకెట్ పక్కన పెట్టింది. ఒక ఆడమనిషి ఒంట్లో ఒక భాగాన్ని ఆమెను అడక్కుండా తీసేయబోతున్నారు. అడగలేదా అంటే అడిగారు. ఆమె చెప్పలేదా అంటే చెప్పింది. మధ్యలో ఆ కాస్త ఆలస్యంలో మొగుడు పలికాడు, అంతే. ఆ ఆలస్యం ఈ ఇంట్లో, ఈ గోడల మధ్య పుట్టింది. "ఆ గదిలో" అని ఒకాయన తువ్వాలుతో నిలబడి చెప్పిన రోజున పుట్టింది.

సూపర్‌వైజరమ్మకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు నా లైన్‌ది, పేషెంటు జవాబు డాక్టరుకి చేరలేదు, మళ్ళీ అడిగించండి అంది. ఆవిడ కాసేపటికి తిరిగి చేసింది. రేపు పొద్దున్నే మళ్ళీ కలుపుతారు, పేషెంటు జవాబు విన్నది మీరే కాబట్టి మీరే ఉండండి, కానీ రేపు కూడా ఇలాగే అయితే మిమ్మల్ని నేను కాపాడలేను అంది. కోపంగా కాదు, అలిసిపోయి చెప్పింది.

సాయంత్రం ఆయన రాగానే కాఫీ ఇచ్చి, జరిగినదంతా చెప్పి, రేపు ఒక్కపూట ఆ వైరు నాకివ్వండి అని అడిగింది. అడుగుతున్నప్పుడే ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆయన మామూలుగానే, "మళ్ళీ మొదలెట్టావా? మూడొందల స్పీడ్..." అన్నాడు. రేపు శనివారం, పొద్దున్న తనకు పోటీ ఉందట, నలుగురూ తన మీదే ఆధారపడ్డారట. ఎవరి కాపురమో చక్కదిద్దడానికి నువ్వెవరివి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాడు.

తరవాత ఆఫీసు రూమ్ ముందు చీపురుతో ఊడుస్తుంటే తలుపు సందులోంచి ఆయన గొంతు వినిపించింది. ఎవరో కొత్తగా ఆటలో చేరిన స్నేహితుడికి పాఠం చెబుతున్నాడు. ఎంత ఓపిగ్గా, ఎంత ముద్దుగా చెబుతున్నాడో! ఆమెతో ఆ గొంతుతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"స్పీడ్ చూసి మోసపోకురా. స్పీడంటే ఒకేసారి ఎంత మోసుకొస్తుందీ అని. ట్యాంకు ఎంత పెద్దదైతే ఏం, దాహమేసినప్పుడు గ్లాసుడు నీళ్ళు ఎంతసేపటికి చేతికొస్తాయన్నదే లెక్క. దాన్నే లాటెన్సీ అంటారు. గోడల అవతల వైఫై మీద కూర్చుంటే నువ్వు కాల్చేలోపే అవతలివాడు నిన్ను లేపేస్తాడు. వైరు పెట్టుకో. నేనైతే డబ్బాలో నా మెషీన్‌కే ముందు దారి ఇచ్చేలా సెట్ చేసుకున్నా. ఇంట్లో ఎవరేం చేస్తున్నా నాకు తగలదు."

చీపురు ఆగింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆయనకు తెలియక కాదు. ఇన్నాళ్ళూ తెలియదేమో, మగవాళ్ళకు ఇలాంటివి తట్టవేమో అని సర్దుకుంది. తనకే సరిగ్గా చెప్పడం రాలేదేమో అనుకుని, చెప్పే తీరు మార్చి మార్చి చెప్పింది. రెండు భాషల మధ్య వంతెన కట్టి బతికే మనిషి మొగుడికి మాత్రం తన మాట అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నానని కుమిలిపోయింది. ఆయనకు మొదటి రోజు నుంచీ అర్థమైంది. తనకంటే బాగా అర్థమైంది. తెర మీద తుపాకి పేలడం ఆలస్యం కాకూడదు, ఒక ఆడదాని జవాబు ఆలస్యమైతే ఏం మునిగిపోతుంది? నాకు తగలదు అన్నాడు కదా. తగలదు మరి. తగిలేవన్నీ ఇంకొకరికి తగిలేలా ఇల్లంతా ఏర్పాటు చేసుకున్నాక ఆయనకెందుకు తగులుతుంది?

లోపలికి వెళ్ళి అరుద్దామనుకుంది. అరిస్తే ఏమవుతుందో తెలుసు. ఆమె మాట పక్కకు పోయి ఆమె గొంతు మీద చర్చ మొదలవుతుంది. చీపురు మూల పెట్టి, ఊడ్చిన చెత్త ఎత్తకుండా ఆయన గుమ్మం ముందే వదిలేసింది.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళగానే ల్యాప్‌టాప్ తీసుకుని ఆఫీసు రూమ్‌లోకి వెళ్ళి లోపల గడియ పెట్టింది. ఆయన మెషీన్‌కున్న వైరు ఊడదీసింది. చిన్న టిక్కుమన్న చప్పుడు, అంతే. ఇంత చిన్న పనికా ఇన్నాళ్ళు బతిమాలానని సిగ్గేసింది. వెనక్కి వాలే కుర్చీ ఆమె నడుముకి మరీ పెద్దది. పక్కన పడున్న దిండు పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

కాల్ కలిసింది. డాక్టరమ్మ నిన్నటి ప్రశ్నే అడిగింది. ఆ గొంతు పక్క కుర్చీలోంచి వస్తున్నట్టుంది. డాక్టరమ్మ చివరి మాట అయ్యీ అవగానే ఆమె మొదటి మాట పేషెంటు చెవిలో పడింది. తెర మీద పేషెంటు కళ్ళు పెద్దవి కావడం, భర్త నోరు తెరవడం, అన్నీ కనిపిస్తున్నాయి. తెరిచాడు గానీ ఈసారి దూరడానికి సందు లేదు. ఆవిడ అప్పటికే మొదలుపెట్టింది.

అప్పుడే తలుపు మీద దబదబా చప్పుడు. "ఏమే! నా మ్యాచ్ టైమైంది, తలుపు తియ్!"

ఏళ్ళ అలవాటు, "వస్తున్నా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. సొంత మాట కలపకూడదని నియమం. హెడ్‌ఫోన్స్ చెవులకు అదుముకుని, పేషెంటు చెప్పింది చెప్పినట్టు, పేషెంటు తరఫున, డాక్టరమ్మకు చెప్పింది.

"నాకు తీయించుకోవాలని లేదు. మందులు వాడి చూస్తాను. నిన్న కూడా ఇదే చెప్పాను. ఎవరూ వినలేదు."

డాక్టరమ్మ క్షమించమని, ఆపరేషన్ రద్దు చేస్తున్నానని, ఇకనుంచి ఏదున్నా తిన్నగా ఆవిడనే అడుగుతానని చెప్పింది. ఆ క్షమాపణను కూడా మాట పొల్లుపోకుండా అందించింది. అందిస్తుంటే ఎవరికి చెప్పిన క్షమాపణైనా తన నోట్లోంచి వెళ్ళినందుకు కాస్త తీపి మిగిలింది.

కాల్ అయిపోయింది. తలుపు బాదడం ఆగలేదు. మధ్యలో అత్తగారి గొంతు కూడా కలిసింది, ఆడది మొగుడి గదికి గడియ పెట్టడం ఎక్కడైనా ఉందా అంటోంది. ఆమె లేచి గడియ తీసి, తలుపు కొద్దిగా తెరిచింది. తడి జుట్టుతో, భుజం మీద తువ్వాలుతో ఆయన నిలబడి ఉన్నాడు. కాళ్ళ దగ్గర నిన్నటి చెత్త ఇంకా అక్కడే ఉంది. దాటుకుని నిలబడ్డాడు గానీ ఎత్తలేదు.

"నా మ్యాచ్ పోయింది తెలుసా? అక్కడ నలుగురు నాకోసం చూస్తున్నారు. ఏంటిది? ఎంతసేపు ఇక్కడ?"

అడిగి ఊరుకున్నాడు. జవాబు వెంటనే వస్తుందని, ఎప్పట్లాగే వచ్చేస్తుందని చూస్తున్నాడు. రాలేదు. కనుబొమలు ముడిపడ్డాయి. వినపడలేదేమో అన్నట్టు "నిన్నే అడిగేది" అన్నాడు. అయినా రాలేదు. ఆయన అలాగే నిలబడ్డాడు. ఆమె ఏమంటుందోనని ఆయన నిలబడి ఎదురుచూడ్డం పెళ్ళయ్యాక అదే మొదలు.

లోపల తెర మీద ఇంకో పేషెంటు కాల్ మోగింది. ఎదురుచూడనీ అనుకుంది. తలుపు మూసి, గడియ పెట్టి, మొదటి రింగుకే ఎత్తింది.