బొత్తానికి చిక్కిన చెవితమ్మె

మావారి బదిలీ రద్దయిందన్న కబురు ఫారెస్టు గార్డు బుధు వాకిట్లోంచే చెప్పి వెళ్లాడు. అయితే అరకులోనే ఉంటాం! ఈ కొండలు, పొద్దున్నే చెప్పాపెట్టకుండా గదిలోకి వచ్చేసే ఈ మంచు, ఇంకా కొన్నాళ్లు మావే. బుధు అటు తిరగడం, నేను పరుగున వెళ్లి మావారిని చుట్టేయడం ఒకేసారి జరిగాయి. ఆయన ఇంకా రేంజరు కోటులోనే ఉన్నారు.

విడివడబోయేసరికి చెవి చురుక్కుమంది. అమ్మమ్మ ఇచ్చిన లోలాకు కోటు ఇత్తడి బొత్తానికి చిక్కుకుంది.

"కదలకండి! తమ్మె తెగుతుంది!"

ఆ లోలాకుల బరువుకి నా చెవి కన్నం సాగి సాగి అంచుదాకా వచ్చింది. అమ్మమ్మ తమ్మె ఇలాగే చీలిపోతే, ఆవిడ మళ్లీ చెవికి ఏ నగా పెట్టుకోలేదు.

మావారు తడిమారు. చెట్లు కొలిచే చేతులు. చిక్కు ఇంకా బిగిసింది. నా చెంప ఆయన గుండెకి అతుక్కుపోయింది.

"భయంగా ఉందా?" అన్నారు.

"మీకే. దడదడ వినిపిస్తోంది."

"నొప్పి మరిచిపోదువు గాని, కాలేజీలో తెలుగు చదివావుగా, దీన్ని తమ్మె అని ఎందుకన్నారో చెప్పు."

"తమ్మి అంటే తామర. రేకులా మెత్తగా ఉంటుందని అయ్యుండొచ్చు. మా తెలుగు మాస్టారైతే రుజువేదీ అంటారు."

"కాదు. చెవి కింద పుట్టాడు కనక తమ్ముడు. ముద్దుగా తమ్మె."

నవ్వొచ్చింది. నవ్వితే చెవి లాగింది. "నవ్వించకండి బాబూ!"

అప్పుడే మా ఇంట్లో పనిచేసే సోములమ్మ తలుపు తోసుకుని వచ్చింది. చంకలో గడ్డిమోపు, చేతిలో కొడవలి. చూసీ చూడగానే గిరుక్కున వెనక్కి తిరిగింది.

"అయ్యబాబోయ్! పట్టపగలు ఏటిది అమ్మగోరూ! గడియేసుకోరేటి?"

"వెళ్లకు సోములమ్మా! ఇరుక్కుపోయాం!"

ఆమె దగ్గరికొచ్చి, విరగబడి నవ్వి, నా తమ్మెను వేలితో ఎత్తి పట్టుకుంది. "ఎర్రగా పండిపోనాది. మా అవ్వ దీన్ని సెవిపండు అనీది. మొగుడు దగ్గరుంటే పండుతాదంట."

"అదీ అర్థమంటే!" అన్నారు మావారు.

"ఈ సిక్కు రాదు అయ్యగోరూ. లోలాకైనా తెంపాల, బొత్తామైనా తెంపాల."

సర్కారువారి కోటు. బొత్తాం లేకుండా పై అధికారికి కనిపిస్తే చీవాట్లు ఖాయం.

"బొత్తామే" అన్నారు, రెప్ప వేయకుండా.

సోములమ్మ కొడవలి ఎత్తింది. ఇద్దరం ఒకే గొంతుతో కేక పెట్టాం. ఆమె దాన్ని విసుగ్గా కింద పడేసి, కోటు మీదికి వంగి, దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికేసింది.

తమ్మె దక్కింది. లోలాకుకి బొత్తాం వేలాడుతోంది, కొత్త రకం నగలాగా. రెండు లోలాకులూ తీసి పెట్టెలో దాచేశాను.

"రేపు సంతకి వెళ్దాం" అన్నారు మావారు. "నీకు తేలికపాటి దుద్దులు, నాకు బొత్తాం. ఇద్దరం పొద్దున్నే బయల్దేరదాం."

"ఇద్దరు కాదు, ముగ్గురం" అంది సోములమ్మ, గడ్డిమోపు ఎత్తుకుంటూ. "మీ ఇద్దరి మద్దిలో నేను నడుత్తాను."