ఒకటి నొక్కితే రెండు

ఆ నీళ్ళ ప్లాంటులో ఫిల్టర్ తొట్లు నాలుగు. ఒక్కో తొట్టికి ఒక్కో కంప్యూటర్. అయితే ఆపరేటరమ్మ బల్ల మీద ఉండేది మాత్రం ఒక్క తెర, ఒక్క కీబోర్డు, ఒక్క మౌసు. పక్కనే అరచేయంత స్విచ్ పెట్టె, దాని మీద నాలుగు మీటలు. ఏ మీట నొక్కితే ఆ నంబరు కంప్యూటర్ బొమ్మ తెర మీదికి వస్తుంది, కీబోర్డు మీద కొట్టింది దానికే చేరుతుంది. తొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే. కళ్ళకు గంతలు కట్టినా తప్పు నొక్కదని ప్లాంటులో అనేవారు. పైకి కసిరినా ఆ మాట ఆమెకి లోలోపల ఇష్టమే.

ఆ రోజు పొద్దున్నే రెండో తొట్టిలో నీళ్ళని ఇసుక మట్టం దాకా దించేసింది. గోడల పాచి గీకడానికి ఇద్దరు దిగాలి. ఒకతన్ని అందరూ నత్త అనేవారు. పని నిదానం, కానీ అతను గీకిన చోట మళ్ళీ ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. రెండో అతను నత్త బావమరిది, చేరి నెల కూడా కాలేదు.

మనుషులు లోపల ఉన్నప్పుడు తొట్టి అడుగు వాల్వులకి గొలుసు వేసి తాళం పెట్టాలి. ఆ తాళం తన కళ్ళతో చూశాకే ఆపరేటరమ్మ కాగితం మీద సంతకం చెయ్యాలి. మేస్త్రీ కాగితం తెచ్చేసరికి ఆమె ఫోన్లో ఉంది. కూతురికి జ్వరం నూట మూడు దాటిందనీ, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాననీ భర్త చెబుతున్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గొలుసు వేశారా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. మేస్త్రీ తలూపాడు. ఆమె సంతకం గిలికేసింది. నిజానికి గొలుసు తుప్పుపట్టి తెగిపోయింది, కొత్తది స్టోరు నుంచి రావాలి. గంట పనికి అంత రాద్ధాంతం ఎందుకని మేస్త్రీ ఊరుకున్నాడు.

పదకొండింటికి మొదటి తొట్టిలో నీళ్ళు దిగడం తగ్గింది. అలా మురికి పట్టినప్పుడు కింద నుంచి ముందు గాలి, మూడు నిమిషాల తర్వాత నీళ్ళు పైకి తన్నించి ఇసుకని కడుగుతారు. ఆమె ఒకటి నొక్కింది. ఒకటో మీట వెలిగింది. తెర మీద మొదటి తొట్టి బొమ్మ వచ్చింది. ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కింది. కింద గాలి మిషను హోరు మొదలైంది.

తెర మీద గాలి వాల్వు రంగు మారాలి. మారలేదు. కంప్యూటర్ మొరాయిస్తోందేమో అనుకుని ఇంకోసారి కొట్టింది. ఊహూఁ. మిషను మాత్రం హోరెత్తుతోంది. గాలి ఎక్కడికో పోతోంది. మరి ఎక్కడికి?

ఆ ప్రశ్న పుట్టగానే స్విచ్ పెట్టె వైపు చూసింది. అంతకుముందు ఆమె పనిచేసింది రెండో నంబరు మీద. తెర ఒకటికి మారింది గానీ కీబోర్డు రెండులోనే ఉండిపోతే? రెండు నొక్కింది. రెండో తొట్టి గాలి వాల్వు బార్లా తెరిచి ఉంది.

గాలి తన్నితే ఆ తడి ఇసుక ఇసుకలా ఉండదని ఆమెకి తెలుసు. ఊబిలా కుతకుతలాడుతుంది. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే మింగుతుంది. ఆపమని కొట్టింది. వాల్వు కదల్లేదు. మళ్ళీ కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. కీబోర్డు ఇప్పుడు ఎవరి మాట వింటోందో, ఇంకో మీట నొక్కితే ఏ తొట్టికి ఏం ముంచుకొస్తుందో! తొట్ల హాలుకి ఫోను చేసినా ఆ హోరులో ఎవరికీ వినిపించదు, మెట్లు దిగి పరుగెత్తినా అక్కడ చేతితో ఆపే సాధనం లేదు. గాలి తర్వాత వాటంతటవే నీళ్ళు వచ్చే ఆ మూడు నిమిషాల్లో ఎంత గడిచిందో తెలీదు. నీళ్ళు మొదలయ్యాయంటే ఇక చెప్పేదేముంది.

బల్ల కిందికి దూరింది. కంప్యూటర్ల వెనక నల్ల వైర్లు దుమ్ములో పాముల్లా చిక్కుపడి ఉన్నాయి. కీబోర్డు వైరుని వేలితో తడుముకుంటూ పోయి స్విచ్ పెట్టె నుంచి పీకేసింది. రెండో కంప్యూటర్ వెనక నేరుగా గుచ్చబోయింది. దిగలేదు. తిరగేసింది. దిగలేదు. నోట్లోంచి ఏడుపో మూలుగో బయటికొచ్చింది. మూడోసారి టక్కున దిగింది. లేచి ఆపమని కొట్టింది.

వాల్వు మూసుకుంది. మిషను హోరు ఆగింది. ఆ నిశ్శబ్దానికి ఆమెకి ఇంకా భయమేసింది. ఎవరూ కేక వెయ్యడం లేదు.

హాలుకి ఎలా చేరిందో ఆమెకే తెలీదు. తొట్టి లోపల నిచ్చెన అడుగు మెట్టు మీద బావమరిది వేలాడుతూ నత్త మణికట్టు పట్టుకుని ఉన్నాడు. నత్త పక్కటెముకల దాకా ఇసుకలో ఉన్నాడు. గాలి ఆగడంతో ఇసుక చుట్టూ బిగుసుకుపోయింది. మేస్త్రీ తాడు వేసి చంకల కింద కట్టించాడు. ముగ్గురు కలిసి లాగితే నత్త మొహం నల్లబడింది గానీ వేలెడైనా పైకి రాలేదు. చేతులతో తవ్వితే తవ్వినంతా మళ్ళీ జారి పూడుకుంటోంది. అతని ఊపిరి పొట్టిపొట్టిగా వస్తోంది.

“లాగకండి,” అన్నాడు నత్త. “కింద నుంచి కొంచెం నీళ్ళు వదలండి. ఇసుక పట్టు వదుల్తుంది.”

మేస్త్రీ ఆపరేటరమ్మ వైపు చూశాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.

“మళ్ళీ ఆవిడ చేతికా?” అన్నాడు బావమరిది. “వద్దు బావా.”

నత్త కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. “ఎంత వదలాలో ఆవిడకే తెలుసురా. అమ్మా, వెళ్ళండి. నిదానంగా చెయ్యండి.”

ఆమె పైకెళ్ళి ముందు స్విచ్ పెట్టె వైర్లన్నీ పీకి అవతల పడేసింది. తెరనీ మౌసునీ కూడా నేరుగా రెండో కంప్యూటర్‌కే తగిలించింది. హాల్లో ఫోను మేస్త్రీ చెవి దగ్గర, ఇక్కడిది ఈమె చెవి దగ్గర. నీళ్ళ వాల్వు నూటికి ఐదు పాళ్ళు తెరవాలి. ఐదు కొట్టింది. పొరపాటున పక్కన సున్నా పడితే యాభై అవుతుంది, తొట్టి నిమిషంలో నిండుతుంది. అంకెని పైకే చదివింది. మళ్ళీ చదివింది. వేలు ఎంటర్ మీద పెట్టి నొక్కలేకపోయింది. జ్వరంతో కాలిపోతున్న కూతురు అసలు గుర్తే రాలేదని తర్వాత చాలా రోజులు బాధపడింది. అప్పుడు ఆమె కళ్ళకి కనిపించింది ఇసుక పైన తేలిన ఆ రెండు భుజాలే.

నొక్కింది.

“నీళ్ళు చెమ్మలా ఊరుతున్నాయి,” అన్నాడు మేస్త్రీ. “ఏం కదల్లేదు.”

ఎనిమిది కొట్టింది, చదివింది, నొక్కింది.

“చుట్టూ బుడగలు. ఆగండి. కదులుతున్నాడు. లాగండ్రా!” ఆ వెంటనే, “ఆపమ్మా, ఆపు.”

ఆపింది. తెర మీద సున్నా కనిపించింది. ఫోన్లో కేకలు, నీళ్ళ చప్పుడు, ఏదో ఇనుము పడ్డ మోత. మేస్త్రీ పలకడం లేదు. ఆమె రెండుసార్లు పిలిచింది.

“వచ్చాడు,” అన్నాడు మేస్త్రీ ఎట్టకేలకి.

నత్త ఎడమ మోకాలు తొలిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి స్విచ్ పెట్టెని నాలుగైదుసార్లు నొక్కి చూశాడు. తెర మారుతోంది, దీపం మారుతోంది, కీబోర్డు మాత్రం ఒక్కోసారి పాత చోటే ఉండిపోతోంది. తప్పు పెట్టెదేనని తేలిందనీ, అదే రాసివ్వమనీ ఆమెకి చెప్పాడు. గొలుసు సంగతి ఆమె ఎత్తబోతే గొంతు తగ్గించాడు. కాగితం మీద గొలుసు ఉందని సంతకం ఉంది కదా, ఉన్నట్టే ఉండనివ్వడం అందరికీ మంచిదన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి కూతురి జ్వరం దిగింది. పిల్ల నిద్రపోతుంటే మంచం అంచున కూర్చుని భర్తకి అంతా చెప్పింది.

“గొలుసు సంగతి రాయకపోతే ఏమవుతుంది?” అన్నాడతను.

“ఏమీ అవదు. అదే భయంగా ఉంది. రేపు ఇంకెవరో ఫోన్లో మాట్లాడుతూ సంతకం పెడతారు.”

ఉద్యోగం పోతే ఎలా అని అతను అడగలేదు. పొద్దున్నే ఆమె రెండు తప్పులూ రాసిచ్చింది, స్విచ్ పెట్టెదీ, తనదీ. మేస్త్రీ తలూపాడని రాసి, చూడాల్సింది మాత్రం తనేనని కూడా రాసింది. మేస్త్రీ ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమెని మూడు నెలలు తెర ముందు నుంచి తీసేసి, లాబ్‌లో నీళ్ళ సీసాలు కడగడానికి వేశారు. తొమ్మిదేళ్ళ పనిమంతురాలు సీసాలు కడుగుతోందని వెనక నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు. ఈలోగా నాలుగు కంప్యూటర్లకీ నాలుగు తెరలు, నాలుగు కీబోర్డులు వచ్చాయి. తొట్టిలో దిగేవాడే గొలుసు తాళంచెవి జేబులో వేసుకోవాలని కొత్త నియమం పెట్టారు.

తిరిగి కుర్చీలో కూర్చున్న రోజు ఆమె ముందు ఏ కీబోర్డు ఏ తెరదో ఒక్కొక్కటీ సరిచూసుకుంది. పదింటికి మూడో తొట్టి ఖాళీ చేశారు. కింద వాల్వుల దగ్గరికెళ్ళి గొలుసు పట్టుకుని లాగి చూసి, పైకొచ్చి సంతకం చేసింది. ఫోను మోగింది. తొట్ల హాలు నుంచి నత్త. పనిలోకొచ్చి వారమైందట.

“పైన ఎవరు కూర్చున్నారు?” అని అడిగాడు.

“నేనే,” అంది.

అవతల ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. వద్దంటాడేమో, ఇంకొకర్ని కూర్చోబెట్టమంటాడేమో అనుకుంటూ ఆమె ఫోను పట్టుకుని నిలబడింది. అతను తొందరపడే మనిషి కాదు.

“సరేనమ్మా,” అన్నాడు చివరికి. “దిగుతున్నాం.”