టైపిస్టు వాయించిన పాట

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ టైపిస్టును ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ వేళ్లు మీటల మీద పడ్డాయంటే పేజీ పూర్తయ్యేదాకా ఆగేవి కావు. ఆగితే మేనేజరు కళ్లద్దాల మీదుగా చూసేవాడు. రిటైరయ్యాక ఆ వేళ్లకు పని లేకుండా పోయింది. మంచంకోడు మీదా, కూరగాయల సంచీ మీదా, చివరికి బస్సులో పక్కావిడ భుజం మీదా టకటకమని కొట్టేస్తుండేవి. ఆ పక్కావిడ చీవాట్లు పెట్టాక, ఇలా లాభం లేదనుకుని, ఎవరో వాడి అమ్ముతున్న పాటలు వాయించే కీబోర్డు ఒకటి కొనుక్కొచ్చింది. మీటలే కదా, ఎంతసేపట్లో వస్తుంది అనుకుంది. కొంప ముంచింది ఆ ధీమాయే.

క్లాసులో చేరి నేర్చుకున్న మొదటి పాట విని కీబోర్డు టీచరు చాలాసేపు తమాయించుకుంది. "అమ్మా, ఏమీ అనుకోకండి. మీరు పాట వాయించట్లేదు, టైపు చేస్తున్నారు" అన్నది.

నిజమే. ప్రతి స్వరమూ ఒకే పొడుగు, ఒకే బరువు. మధ్యలో ఊపిరి పీల్చుకునే చోటే లేదు. ఆదివారం సాయంత్రాలు టీచరుగారి హాల్లో కొందరు కలిసి వాయిస్తుంటారు. వాళ్లలో కూర్చోవాలని టైపిస్టుకు ప్రాణం కొట్టుకుపోతోంది. టీచరు మాత్రం, "నలుగురితో పాటు ఆగడం వచ్చాక చూద్దాం లెండి" అని తేల్చేసింది.

ఇంటికొస్తే అక్క గొడవ. ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్లిద్దరే. జీవితమంతా దర్జీ పని చేసిన మనిషి అక్క, మోకాలికి ఆపరేషన్ అయ్యాక కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయింది. కుట్లు ఎప్పుడో మానాయి. నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందనీ, ఆ తర్వాత ఎవరూ చేసేదేమీ ఉండదనీ డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆవిడ పెడచెవిన పెట్టింది.

"నడువక్కా, నీకు పుణ్యముంటుంది."

"నడిచి ఎక్కడికెళ్లాలే? నాకోసం ఎవరు కాచుక్కూర్చున్నారు?"

ఉన్న ఒక్క అక్కా కళ్లముందే కొయ్యబారిపోతోందని చెల్లెలు లోపల్లోపల కుమిలిపోయేది. ఆ దిగులు మరిచిపోవడానికి వెనకగదిలో కీబోర్డు ముందు కూర్చుని మళ్లీ అదే పాట టైపు చేసేది.

ఒక సాయంత్రం ముందుగదిలోంచి కేక వినిపించింది. "ఆపవే! చెవులు చిల్లులు పడుతున్నాయి!"

ఆపలేదు. వేళ్లు అలవాటైన దారిలో పోతున్నాయి. అంతలో చేతికర్ర చప్పుడు, విసుక్కునే గొంతూ దగ్గరకొచ్చాయి. తలెత్తితే గుమ్మంలో అక్క.

"చొక్కా కాలరు కుడుతూ మూల దగ్గర ఆగకపోతే ఏమవుతుంది? కుట్టు బయటికి పోతుంది. సూది దించి ఆగాలి, గుడ్డ తిప్పాలి, అప్పుడు మళ్లీ తొక్కాలి. నీ పాటలో ఇన్ని మూలలున్నాయి, ఒక్కచోటా ఆగవేంటే?"

చెల్లెలు ఆశ్చర్యపోయింది పాఠానికి కాదు, అక్క ఇంత దూరం నడిచొచ్చినందుకు. మాటెత్తితే తిరిగి వెళ్లిపోతుందేమోనని నోరు కుట్టేసుకుని వాయించింది. "మూల!" అన్నది అక్క. ఆగింది. పాట మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

అప్పట్నుంచి రోజూ ఇదే తంతు. తప్పు వినపడడం, తిట్టుకుంటూ అక్క రావడం, సరిచేసి వెళ్లడం. ఒక్కో సాయంత్రం కుర్చీకీ గుమ్మానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగేదో లెక్కే లేదు. మోకాలు వంగడం మొదలైంది. చెల్లెలి పాటా దారిన పడింది. "వచ్చే ఆదివారం హాలుకి వచ్చెయ్యండి" అన్నది టీచరు.

ఆ సంబరంలో ఇంటికొచ్చి పాటంతా ఒక్క తప్పు లేకుండా వాయించింది. ముందుగది నిశ్శబ్దంగా ఉంది.

"బావుందే" అన్నది అక్క కుర్చీలోంచే.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తప్పు లేకపోతే అక్కకు లేవాల్సిన పనేముంది? చెల్లెలు కాసేపు ఆలోచించి, మళ్లీ టకటకమని టైపు చేసింది. వెంటనే చేతికర్ర చప్పుడైంది. అమ్మయ్య అనుకుంది. ఇక రోజూ అలాగే చేసింది.

వేళ్లకు నిజమేదో నాటకమేదో తెలియదు కదా. క్లాసులోనూ టైపు చేసేశాయి. టీచరు నిట్టూర్చి, "ఈ ఆదివారానికి వద్దులెండి" అన్నది. దారంతా ఏడుపు దిగమింగుకుంటూ నడిచింది టైపిస్టు. హాలుంటే ఎంత, లేకుంటే ఎంత, అక్క కాలు ముఖ్యం అని సర్దిచెప్పుకుంది. ఇంటికొచ్చి కావాలనే తప్పు వాయించింది.

అక్క వచ్చింది. ఈసారి తిట్టలేదు.

"ఆదివారం రమ్మన్నారన్నావు. ఏమైంది?"

"వద్దన్నారు."

"అనరూ మరి? తప్పు దానంతటది రావడం వేరు, తీసుకురావడం వేరు. నాకు తెలియదనుకున్నావా? నాలుగు రోజుల్నుంచీ చూస్తున్నాను, ఈ పిచ్చిపని ఎప్పుడు మానుతావా అని." అక్క చేతికర్ర గోడకి ఆనించింది. "నన్ను నడిపించడానికి పాట పాడుచేసుకుంటావటే?"

"నువ్వు కుర్చీలోనే ఉండిపోతే నాకెవరున్నారే అక్కా?" చెల్లెలు బావురుమన్నది.

అక్క గోడ పట్టుకుని అడిగింది. "ఆ హాలు ఎక్కడ?"

"మేడ మీద."

"లిఫ్టుందా?"

"లేదు. మెట్లే."

"అయితే రేపట్నుంచి మెట్లెక్కడం మొదలుపెడతాను. అక్కడ నలుగురిలో నువ్వు మూల దాటేస్తే, ఇక్కడ కుర్చీలో కూర్చుని నిన్నెలా ఆపేది? ఏడుపు చాలు. వాయించు, సరిగ్గా."

చెల్లెలు కళ్లు తుడుచుకుని సరిగ్గా వాయించింది. ఒక్కచోట కూడా తప్పు రాలేదు. అయినా అక్క కుర్చీలోకి వెళ్లలేదు. పాట అయ్యేదాకా పక్కనే నిలబడింది.