దొంగరాణి కాపురం

సూదిలో దారం ఎక్కించి, మైనం ముద్ద మీద రెండుసార్లు లాగి, బొటనవేలి గోటితో సాపు చేశాక కాజాలాయన ఎడమచెయ్యి గుండెల మీదికి వెళ్ళింది. కొత్తవాళ్ళు చూస్తే గుండెనొప్పి అనుకుంటారు. ఆ నొప్పి కూడా ఉంది, దానికి పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ మాత్రలున్నాయి. కానీ ఇప్పుడు ఆయన తడుముకున్నది జేబుని.

చొక్కా లోపలివైపు తనే కుట్టుకున్న జేబు అది. వేలెడు పొడవున్న గాజు గొట్టం ఇమిడేంత ఉంటుంది. దాని నడుమ ఒక కాజా. ఆ కాజాకి గుండీ లేదు, రాదు కూడా. లోపలున్న ప్రాణులకి గాలి ఆడాలని కుట్టింది. పాతికేళ్ళుగా పరాయివాళ్ళ కోట్లకి కాజాలు కుడుతున్న మనిషి తన కోసం కుట్టుకున్న కాజా అదొక్కటే.

కోట్లు కుట్టే దుకాణం వెనకగదిలో, కిటికీ పక్కన ఆయన బల్ల. కొత్త కోటు తొడుక్కున్నవాడు అద్దం ముందు భుజాలు చూసుకుంటాడు, కాలరు చూసుకుంటాడు, పొట్ట లోపలికి లాక్కుని మరీ చూసుకుంటాడు. కాజా చూసుకున్నవాణ్ణి మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు. గుండీ పట్టనప్పుడే దాని సంగతి గుర్తొస్తుంది, అదీ తిట్టడానికి. ఆయనా అలాంటి మనిషే. సన్నగా, కాస్త వంగి, నుదుటి మీదికి ఎత్తిపెట్టుకున్న కళ్ళజోడుతో, ఎవరి దారికీ అడ్డం రాకుండా గోడవారగా నడిచే రకం. కుడిచేతి చూపుడువేలు చివర సూది తగిలి తగిలి తోలులా గట్టిపడింది. కుడికంట్లో పొర కమ్ముతోంది. ఆ మాట యజమానికి చెప్పలేదు.

"అన్నా, పిల్లలు పాలు తాగారా?" అన్నాడు ఇస్త్రీ అతను, పెట్టె మీంచి ఆవిరి లేస్తుండగా.

"తాగారు. నువ్వు ఆ చెయ్యి చూసుకో, మాడిన వాసనొస్తోంది."

"కాదన్నా, కుక్కని పెంచితే తోకూపుతుంది. చిలకని పెంచితే కనీసం తిడుతుంది. చీమని పెంచితే ఏమొస్తుంది?"

"నీలాగా వాగదు. అదే పదివేలు."

ఇస్త్రీ అతను పళ్ళికిలించాడు. ఈ వేళాకోళం ఏడాదిగా నడుస్తోంది. ఇది లేని రోజు ఇద్దరికీ ఏదో మర్చిపోయినట్టుంటుంది.

గొట్టంలో ఉన్నది దొంగరాణి. తెలిసినవాళ్ళు పరాన్నజీవి చీమ అంటారు, దొంగరాణి ఆయన పెట్టుకున్న పేరు. కిందటి వేసవి చివర, జల్లు పడి వెలిసిన సాయంత్రం, దుకాణం గడప మీద రెక్కలు రాల్చుకుంటూ కనపడింది. పసుప్పచ్చగా, ఒంటికి నూనె రాసినట్టు మెరుస్తూ ఉంది. గుండీల డబ్బీలో వేసి ఇంటికి తెచ్చాడు. భార్య పోయిన ఏడాది అది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. రాణిచీమ కదా, గుడ్లు పెట్టుకుంటుంది, పిల్లల్ని సాకుతుంది, చూస్తూ కూర్చోవచ్చు అనుకున్నాడు. అది గుడ్డు పెట్టలేదు సరికదా, మూల కూర్చుని ఎండిపోసాగింది. చీమలు పెంచేవాళ్ళ గుంపొకటి ఫోనులో ఉంటే కూతురు వెతికి చూపించింది. వాళ్ళు చెప్పారు: ఇది సొంతంగా సంసారం పెట్టే రకం కాదు, దీనికి ఇంకొకరి ఇల్లు కావాలి.

ఇంకొకరి ఇల్లు వీధి చివర కాలిబాట బండ కింద దొరికింది. అక్కడి నల్లచీమల్ని కొన్నింటిని గొట్టంలోకి తీసి, ఒళ్ళు మొద్దుబారేలా కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, వాటి మధ్యలో దీన్ని వదిలాడు. అది చేసిన మొదటి పని ఒక నల్లచీమని వాటేసుకోవడం. దాన్ని నమిలి, దాని ఒంటి వాసనంతా తన ఒంటికి పులుముకుంది. చలి వదిలి కదిలిన మిగతావి మీసాలతో దొంగరాణిని తడిమి చూశాయి. కాసేపు ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే వచ్చి నాకడం మొదలుపెట్టాయి. అమ్మ అనుకున్నాయి.

ఆ పూట ఆయనకి భోజనం సయించలేదు.

తనూ అలా ఒక ఇంట్లో చేరినవాడే. భర్త జబ్బుతో పోయి, చిన్నపిల్లతో మిగిలిన మనిషిని పెళ్ళాడాడు. ఆ పిల్ల ఆయన పెట్టిన ముద్ద తినేది కాదు. ఆయన గదిలోకొస్తే బల్ల కిందికి దూరేది. ఒకరోజు వానలో తడిసి వచ్చిన ఆయనకి భార్య బీరువాలోంచి చనిపోయినాయన నీలం గళ్ళ చొక్కా తీసి ఇచ్చింది. భుజాల దగ్గర బిగుతు. అది వేసుకుని కూర్చుని కాజా కుట్టుకుంటుంటే, ఆ పిల్ల బల్ల కిందినుంచి వచ్చి, ఆయన చేతిమడతలో ముఖం పెట్టి నిద్రపోయింది. ఆ తర్వాత ఆయన ఇంట్లో ఆ చొక్కా విప్పితే ఒట్టు. కాలరు నలిగితే తిరగేసి కుట్టాడు. మోచేతులు చిరిగితే మాటు వేశాడు. అది పీలికలయ్యేనాటికి పిల్ల పెద్దదై "బాబాయ్" అని నోరారా పిలవసాగింది. ఆయన పలికేవాడు. పలికినప్పుడల్లా ఆ పిలుపు తనది కాదని, చొక్కాదని అనిపించేది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఎవరడిగారు గనక?

చీమల విషయం ఇప్పుడు పీకల మీదికి వచ్చింది. దొంగరాణి గుడ్లు పెట్టింది, నల్లచీమలు సాకాయి, గుడ్లు పురుగులయ్యాయి, చుట్టూ గోధుమగింజల్లాంటి గూళ్ళు అల్లుకున్నాయి. కానీ నల్లవి ముసలివైపోయి ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. కొత్తవి తెద్దామని వెళితే కాలిబాట మీది బండలన్నీ పీకేసి సిమెంటు పోశారు. అభివృద్ధి అంటే చీమ దూరే సందు కూడా లేకుండా చెయ్యడమే కాబోలు. అసలు చిక్కేమిటంటే, గూటిలోని పిల్ల తనంతట తను బయటికి రాలేదు. సాకిన చీమ బయటినుంచి కొరికి చీల్చాలి. కొరికే నాథుడు లేకపోతే అన్నీ కుదిరిన ప్రాణి, బయటికొచ్చే సందు లేక లోపలే ఆగిపోతుంది.

పోయినవారం ఆయన తొందరపడ్డాడు. గూటి కొసన నల్లచుక్క కనపడింది. కన్ను ఏర్పడింది, పిల్ల తయారైంది అనుకున్నాడు. చేతి కాజాలో పద్ధతి ముందు కొయ్యడం, తర్వాత అంచు కుట్టడం. కోత కాస్త పక్కకి పోయినా కుట్టు దాన్ని కాపాడుతుంది. ఆ అలవాటుతో సూదిమొనతో చీల్చేశాడు. లోపల పాలబొట్టులాంటిది ఒకటి ఆరిపోయింది. ఆ నల్లచుక్క కన్ను కాదట. పురుగు గూట్లో వదిలిన మలమట, ప్రతి గూటికీ మొదటినుంచీ ఉంటుందట. ఇక్కడ కోత తర్వాత వెయ్యడానికి కుట్టు లేదు.

మధ్యాహ్నం అందరూ తినడానికి లేచాక ఆయన కిటికీ వైపు తిరిగి గొట్టం తీశాడు. నిన్నటిదాకా ఒక్క నల్లచీమ మిగిలి ఉంది. ఇప్పుడది దూది పక్కన, కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని, పక్కకి ఒరిగి ఉంది. గొట్టాన్ని గోటితో తట్టాడు. కదల్లేదు. దొంగరాణి మూడు గూళ్ళ పక్కన ఒంటరిగా నిలబడి మీసాలాడిస్తోంది.

ఆయన లేచి యజమాని దగ్గరికి వెళ్ళాడు.

"ఇంటికెళ్ళాలండీ."

"ఇప్పుడా? రేపివ్వాల్సిన కోటు అలాగే ఉంది కదయ్యా. ఏమొచ్చింది?"

నోటికొచ్చింది అనేశాడు. "ఇంట్లో కాన్పండీ."

యజమాని కళ్ళు పెద్దవి చేశాడు. "మీ అమ్మాయికా! ఒక్క మాటైనా చెప్పలేదేంటయ్యా, రాయిలా కూర్చుంటావు! వెళ్ళు, వెళ్ళు."

పాతికేళ్ళు ఒకే కప్పు కింద పనిచేసిన మనిషి ఇంట్లో ఎవరున్నారో, ఆ అమ్మాయికి పెళ్ళయిందో లేదో కూడా యజమానికి తెలియదు. ఇస్త్రీ అతను గుడ్డ అడ్డం పెట్టుకుని కిసకిసా నవ్వుతున్నాడు. కాజాలాయన మైనం ముద్దనీ సూదుల డబ్బానీ బల్ల మీదే వదిలేసి, ఒక్క సన్నసూది మాత్రం కాలరుకి గుచ్చుకుని బయటపడ్డాడు.

బస్సులో చెయ్యి జేబు మీంచి తియ్యలేదు. మెట్లు రెండుచోట్ల ఆగి ఎక్కాడు. కూతురు కిటికీ దగ్గర బల్ల ముందు, దీపమున్న భూతద్దం కింద ఎవరిదో ఫోను విప్పి పెట్టుకుని ఉంది. పాడైన ఫోన్లు బాగుచెయ్యడం ఆమె పని.

"ఏంటి బాబాయ్ ఈ వేళప్పుడు? నొప్పొచ్చిందా? ముఖం చూడు, సున్నం కొట్టినట్టుంది."

"నాకేం కాలేదు. ఆఖరిది పోయింది అమ్మడూ."

ఆమె ట్వీజర్ కింద పెట్టింది. చీమలంటే ఆమెకి మొదట్లో ఒళ్ళుమంట. చక్కెర డబ్బాకి కాపలా ఎవడు కాస్తాడని తగువాడింది. ఇప్పుడు మాత్రం ఫోను ముక్కలన్నీ పక్కకి జరిపి, బల్ల మీద తెల్లకాగితం పరిచింది.

"ఇలా ఇవ్వు. ఏది కొయ్యాలి?"

"పండినదాన్ని. నల్లచుక్కని నమ్మకు, అది నన్ను ముంచింది. లోపలి రంగు చూడు."

ఆమె భూతద్దం మీదికి వంగింది. "రెండు ఇంకా పాలలా ఉన్నాయి. ఇదిగో, ఇది టీ రంగు తిరిగింది. లోపల కాలు కదిలినట్టుంది."

"కదిలినట్టుందా, కదిలిందా?"

"కదిలింది మహాప్రభో. నువ్వు చెవిలో అరవకు."

ఆయన కాలరు నుంచి సూది తీశాడు. ఆ చెయ్యి సూది పట్టాక ఎన్నడూ వణకలేదు. కానీ కంటి ముందు అంతా మసక.

"నువ్వు చూసి చెప్పు. నేను కోస్తా."

"పైకి. ఇంకాస్త. అబ్బా, అంత కాదు, వెనక్కి. ఆఁ, అక్కడే. పైపైన."

పట్టుగుడ్డ మీద తొలి పోగు తెంచేటప్పటి ఒత్తిడి అది. ఆయన వేలికి తెలుసు. ఒక పోగు తెగింది. ఇంకోటి. గూడు చిన్న కాజాలా విచ్చుకుంది.

"ఆగు," అంది ఆమె. "తల కనిపిస్తోంది."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. లోపలిది వెంటనే రాలేదు. మీసం ఒకటి బయటపెట్టి అలాగే ఉండిపోయింది.

"బాబాయ్, ఈ మహాతల్లి ఆ నల్లవాటిలో ఎలా చేరిందన్నావు? వాసన పూసుకునా?"

"ఊఁ. దొంగవాసన." బల్ల వైపే చూస్తూ అన్నాడు. "నేను మాత్రం? మీ నాన్న చొక్కా తొడుక్కున్నాకే కదా నువ్వు నా దగ్గరికొచ్చావు."

ఆమె తలెత్తింది. "ఏ చొక్కా? ఆ నీలం గళ్ళదా?" నవ్వింది. "దాన్ని అమ్మ వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి ఉడకబెట్టి ఉతికింది బాబాయ్, జబ్బుమనిషి బట్ట అని. నాన్న వాసన అందులో ఇంకా ఎక్కడుంటుంది? అసలు నాన్న వాసన ఎలా ఉంటుందో నాకు గుర్తు కూడా లేదు."

"మరి ఆ రోజు ఎందుకొచ్చావు?"

"నీ వేళ్ళ దగ్గర మైనం వాసనొచ్చేది. బావుండేది. బల్ల కింద కూర్చుని రోజూ పీల్చేదాన్ని. ఆ రోజు నిద్రొచ్చి పైకొచ్చేశాను, అంతే. తర్వాత నా జడ నువ్వేగా అల్లేవాడివి, నా తలా అదే వాసన. బడిలో పిల్లలు ఇదేం నూనే అనేవాళ్ళు." మళ్ళీ భూతద్దం మీదికి వంగింది. "నువ్వేమో ఇన్నేళ్ళూ ఆ బిగుతు చొక్కాలో ఊపిరాడక చచ్చావన్నమాట. ఒక్కసారి అడిగితే పోయేది కదా!"

ఆయన సూదిని కాలరుకి గుచ్చబోయి, రెండుసార్లు తప్పి, మూడోసారి గుచ్చాడు.

"వచ్చేస్తోంది, వచ్చేస్తోంది, చూడు!"

"నాకు కనపడదు. నువ్వు చెప్పు."

"ముందు కాళ్ళు తీసింది. ఒళ్ళంతా లేత పసుపు, తేనెబొట్టులా ఉంది. పడిపోయింది. లేచింది. తాగినదానిలా తూలుతోంది బాబాయ్. అమ్మ దగ్గరికెళ్తోంది. మీసాలు తాకించుకున్నాయి..."

ఆమె చెబుతూంటే ఆయన ప్రతి మాటకీ తల ఊపాడు. తర్వాత ఆమె అన్నింటినీ గొట్టంలోకి జాగ్రత్తగా చేర్చి, తేనెనీళ్ళు ఒక చుక్క పెట్టి, దూది బిగించి, ఆయన జేబులో తనే పెట్టింది. మిగతా రెండు గూళ్ళనీ ఇక ఆ కొత్తపిల్ల తెరుస్తుంది.

"టీ పెడతా. ఇవాళ ఇక పని లేదు, కూర్చో."

ఆయన కిటికీ పక్క కుర్చీలో, ఎండ పడేచోట కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. పాతికేళ్ళుగా అక్కడే ఉన్న వాసన. ఎప్పుడూ పట్టించుకోలేదు. ఎడమచెయ్యి గుండెల మీదికి వెళ్ళింది.

ఆమె రెండు కప్పులతో వచ్చింది. ఒకటి కిటికీ గట్టు మీద పెట్టి, "బాబాయ్, టీ" అంది. నిద్రపట్టిందనుకుని కప్పు మీద సాసరు బోర్లించింది. కాసేపయ్యాక వంగి, మళ్ళీ పిలిచింది. ఎండ ఆయన మోకాళ్ళ మీంచి నేల మీదికి దిగింది. కప్పు అలాగే ఉంది. జేబులో గొట్టం ఇంకా వెచ్చగానే ఉంది.

కొన్ని నెలలకి యజమాని ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో బట్ట చుట్టిన చిన్న మూట ఉంది.

"ఆయన సామాను అమ్మా. ఇంకొకరికివ్వడానికి మనసొప్పలేదు." గది నలుమూలలా చూశాడు. ఉయ్యాల గానీ గుడ్డలు గానీ కనపడలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "ఆ రోజు కాన్పని పరిగెత్తాడు. బిడ్డ... బావుందా?"

ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని, కిటికీ దగ్గర, చీమలకి చీకటిగా ఉండాలని పల్చటి ఎర్రకాగితం కప్పిన గాజుపెట్టె వైపు చూసింది. లోపల పసుపుచీమలు బారులు తీరి తిరుగుతున్నాయి. వాటిలో ఒక్క నల్లది లేదు.

"బావుందండీ," అంది. "ఇప్పుడు పెద్ద కాపురం."

యజమాని వెళ్ళాక మూట విప్పింది. సూదుల డబ్బా, వేలికి తొడిగే ఇత్తడి టోపీ, అరిగిన కత్తెర. వాటి మధ్య మైనం ముద్ద, ఒంటినిండా దారం లాగిన గాట్లతో. అన్నిటికంటే లోతైన గాటులో, ఆ రోజు సగంలో వదిలేసిన కోటుది, ఒక నల్లదారం పోగు ఇంకా అతుక్కుని ఉంది.