చోటు మారే చుక్క

డిస్కును దీపం వైపు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది పిన్ని. గీతల్లేవు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచింది; గుండ్రంగా తుడిస్తే చదివే దారి వెంటే గీత పడుతుంది. ట్రేలో పెట్టి తోసింది. గొంతులో కఫం అడ్డుపడ్డ ముసలివాడిలా డ్రైవ్ గురగురలాడింది.

స్కానింగ్ సెంటర్ కింది గదిలో ఆమె పని ఇదే. డిస్కుల్లోని పాత స్కాన్లు కంప్యూటర్లోకి ఎక్కించడం, ఎక్కిన డిస్కును సంచిలో వేయడం. నిండిన సంచి ముక్కలు చేసే మిషనుకు పోతుంది. ఒకప్పుడు ఇదే గదిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగేది. ఆ మందునీళ్లకు వేళ్ల చివరలు గోధుమరంగుకి తిరిగి అలాగే ఉండిపోయాయి. అక్క పోతే అక్క పిల్లల్ని పెంచింది; తన పెళ్లి ఊసు ఎవరైనా ఎత్తేలోపే తల నెరిసింది. ఆ పిల్లలు పిలిచిన పిలుపే సెంటరంతా పాకింది.

ఇన్‌ఛార్జి గుమ్మంలోంచే తల దూర్చాడు.

“పిన్నీ, ఆ పాప వాళ్లమ్మ నా ప్రాణం తోడేస్తోంది. కొత్తదాని పక్కన పెట్టి పోల్చడానికి నిరుటి స్కాన్ సాయంత్రానికల్లా కావాలట. ఊపిరితిత్తిలో మచ్చ పెరిగిందని తేలితే రేపే ఆపరేషను.”

“ఎక్కించాను బాబూ. నాకే నచ్చలేదు.”

“నచ్చడానికి ఇదేమన్నా పెళ్లిచూపులా? పూర్తయిందని చూపించిందిగా!”

చూపించింది. కానీ డిస్కులో లేని తెల్లటి చుక్క కాపీలో ఉంది, పాప ఎడమ ఊపిరితిత్తి మీద. మళ్లీ ఎక్కించింది. ఆ చుక్క పోయి, కుడివైపు ఇంకోటి మొలిచింది. డిస్కు చెడితే ప్రతిసారీ ఒక్కచోటే తగులుతుంది. దెబ్బ తగిలిన చోటు మారదు కదా. చోటు మారుతోందంటే రోగం డిస్కుది కాదు, కంప్యూటర్ పెట్టెది.

కేబుల్ మార్చింది. చుక్క మళ్లీ చోటు మారింది. కరెంటు తీసి, మూత విప్పి, చదివింది కాసేపు దాచుకునే రెండు మెమరీ పట్టీల్లో ఒకటి పెరికి బల్ల మీద పెట్టింది. ఈసారి కాపీ డిస్కుతో అచ్చు గుద్దినట్టు కలిసింది. నమ్మకం చాలక ఇంకోసారి ఎక్కించింది. కలిసింది.

పొద్దుటి నుంచి ఎడమ భుజం సలుపుతూనే ఉంది. కుర్చీ వంకరదని తిట్టుకుంది.

పాపను చంకనేసుకుని తల్లి తనే మెట్లు దిగి వచ్చింది. నిద్రలేని కళ్లతో తెర మీది స్కాన్ వైపు చూసింది.

“ఇది మా పాపదే కదా అక్కా? తేడా ఏం రాదుగా?”

“రెండుసార్లు సరిచూశాను తల్లీ. ఉన్నది ఉన్నట్టే ఉంది.”

ఆమె వెళ్లిపోయాక పిన్ని చూపు సంచి మీద పడింది. ఈ నెలలో ఎక్కించినవన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరి గుండెలో లేని చుక్క పెట్టిందో, ఎవరి మెదడులో ఉన్న మచ్చ మింగేసిందో ఈ పట్టీ! రేపు పొద్దున్నే సంచికి బండి వస్తుంది; డిస్కులు ముక్కలైతే సరిచూడ్డానికి ఇంకేమీ మిగలదు. ఇన్‌ఛార్జికి ఫోన్ చేసింది.

“బండి నడుపుతున్నా పిన్నీ, రేపు మాట్లాడదాం.”

“అది కాదు బాబూ, ఆ సంచి...”

అవతల ఫోన్ పెట్టేశాడు. సంచిని లోపలి గదిలోకి లాగబోయింది. రెండడుగులు కదిలిందో లేదో, ఊపిరి అందలేదు. కాస్త కూర్చుని లాగుదామని బల్ల మీద తల ఆనించింది.

తాళం వేయడానికి వచ్చిన ఆయా “పిన్నీ, ఇల్లు లేదా నీకు?” అని వేళాకోళంగా భుజం తట్టింది. మరోసారి తట్టింది. ఆపైన ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది.

మర్నాడు ఇన్‌ఛార్జి, కళ్లు తుడుచుకుంటూ, సంచిని తనే మోసుకెళ్లి బండెక్కించాడు.

“చేతిలో పని మిగిల్చే మనిషి కాదు. ఇదొక్కటీ ఎందుకు ఉంచాలి?” అన్నాడు.

ఆయా బల్ల సర్దింది. పిన్ని సామానేదీ పోకూడదని, పక్కన పడున్న పట్టీని కొంగుతో తుడిచి, కొత్తగా వచ్చేవాళ్లు దాని చోట దాన్ని పెట్టుకుంటారని కంప్యూటర్ మీద కనబడేలా పెట్టింది. వేలెడంత ఆకుపచ్చ రేకు, అంచున బంగారు రంగు పళ్ల వరుస. ఎక్కడా ఒక్క గీత లేదు.